పెరట్లో స్ప్రూస్ చెట్టు: ఏ రకం కొనాలి, ఎక్కడ నాటాలి, ఎలా కాపాడుకోవాలి

అమెరికా మిడ్‌వెస్ట్‌లో, అంటే మిషిగన్, ఒహాయో, ఇల్లినాయ్, మిన్నెసోటా వైపు ఇల్లు కొన్న మనవాళ్లు మొదటి రెండు మూడేళ్లలో ఏదో ఒక రోజు ఈ ఆలోచనలో పడతారు. వెనక డెక్ మీద కూర్చుంటే పక్కింటి వంటగది కిటికీ కనబడుతోంది, అడ్డంగా ఏం చెట్లు పెట్టాలి? చలికాలంలోనూ ఆకు నిలిచే చెట్టు కావాలి కాబట్టి చాలామంది ఆర్బర్‌వైటీ అనే కంచె చెట్లు వరసగా పెట్టేస్తారు, జనవరి వచ్చేసరికి జింకలు నోరందినంత ఎత్తు వరకు కొరికేస్తాయి. స్ప్రూస్ జోలికి జింకలు మామూలుగా రావు, దాని సూదుల్లాంటి ఆకులు గుచ్చుకుంటాయి. గట్టి చలికి తట్టుకుంటుంది, మంచు బరువుకి కొమ్మలు వంగినా మళ్లీ లేస్తాయి, సరైన చోట పడితే మన మనవల కాలం దాకా ఉంటుంది. అయితే ఆ "సరైన చోట" అన్నదే అసలు సంగతి. ఈ చెట్టుతో వచ్చే కష్టాల్లో ఎక్కువ భాగం ఏ రకం కొన్నాం, గోడకి ఎంత దూరంలో పెట్టాం, ఎంత లోతులో పెట్టాం అన్న మూడు విషయాల దగ్గర మొదలవుతాయి. పదేళ్ల తర్వాత ఎంత మందు కొట్టించినా ఆ మూడూ మారవు.

నర్సరీలో పైన్, ఫర్, స్ప్రూస్ పక్కపక్కనే ఉంటాయి, ట్యాగ్ పడిపోతే కొత్తవాళ్లకి అన్నీ ఒకేలా కనబడతాయి. ఒక సూది తుంచి రెండు వేళ్ల మధ్య దొర్లించి చూడండి. స్ప్రూస్ సూదికి నాలుగు పలకలుంటాయి, సులువుగా దొర్లుతుంది. ఫర్ సూది బల్లపరుపుగా మెత్తగా ఉంటుంది, దొర్లదు. పైన్‌కైతే రెండో మూడో ఐదో సూదులు గుత్తిగా వస్తాయి. సెర్బియన్ స్ప్రూస్ ఒకటి కొంచెం చదును సూదులతో ఉంటుంది కాబట్టి సూదులు రాలిన కొమ్మని కూడా తడమండి, ఏ స్ప్రూస్‌కైనా అక్కడ చిన్న చిన్న మేకుల్లా గరుకుగా తగులుతుంది. ఇల్లు కొన్నప్పుడే ఉన్న పాత చెట్టుకి ఇప్పుడు జబ్బు చేసిందనుకోండి, మందు గురించి అడిగే ముందు ఈ పరీక్ష చేసుకోండి, ఎందుకంటే పైన్ జబ్బులు వేరు, స్ప్రూస్ జబ్బులు వేరు.

ఏ రకం కొనాలి

అందరి కన్ను పడేది కొలరాడో బ్లూ స్ప్రూస్ మీద. ఆ వెండి నీలం రంగు నిజంగా అందమే, కాదనను. కానీ అది రాకీ పర్వతాల చెట్టు, పొడి గాలిలో పెరిగేది, కొలరాడో రాష్ట్రపు చెట్టు కూడా అదే. దాన్ని తెచ్చి మిడ్‌వెస్ట్ లాంటి చోట, వేసవి అంతా గాలిలో తేమ, పొద్దున్నే మంచు తడి, పక్కన స్ప్రింక్లర్ నీళ్లు కొట్టే లాన్‌లో పెడితే మొదటి పది పదిహేనేళ్లు బాగానే ఉంటుంది. తర్వాత కింది కొమ్మల నుంచి బోసిపోవడం మొదలవుతుంది. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ (తోటలు, పంటల మీద జనానికి సలహాలిచ్చే విభాగం) వాళ్లు ఈ బ్లూ స్ప్రూస్ క్షీణత గురించి ఏళ్లుగా రాస్తూనే ఉన్నారు. మీ సబ్‌డివిజన్‌లో (ఇళ్ల కాలనీలో) ఒకసారి నడిచి చూడండి, కింద సగం ఎండిపోయి పైన మాత్రమే నీలంగా మిగిలిన చెట్లు కనబడతాయి. చాటు కోసం పెట్టిన చెట్టు సరిగ్గా చాటు కావాల్సిన ఎత్తులోనే ఖాళీ అయిపోతే ఏం లాభం? డెన్వర్ వైపు ఉన్నవాళ్లు నిశ్చింతగా పెట్టుకోండి. మిగతావాళ్లకి నా సలహా, వరసగా ఆరు బ్లూ స్ప్రూస్‌లు మాత్రం వద్దు. మోజు తీరకపోతే గాలి బాగా ఆడే చోట, ఎండలో, ఒక్కటి పెట్టుకోండి.

పెద్ద స్థలం ఉన్నవాళ్లకి నార్వే స్ప్రూస్. యూరప్ చెట్టు, ముదురాకుపచ్చ, పెద్దయ్యాక పక్క కొమ్మల నుంచి చిన్న రెమ్మలు తెరల్లా కిందికి వేలాడతాయి. న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో ఏటా క్రిస్మస్‌కి నిలబెట్టే చెట్టు సాధారణంగా ఇదే. నిలదొక్కుకున్నాక స్ప్రూస్‌లలో వేగంగా పెరిగేది, బ్లూని పీడించే సూదుల జబ్బుకి చాలావరకు లొంగనిది. కానీ 40 నుంచి 60 అడుగుల ఎత్తు, 25 నుంచి 30 అడుగుల వెడల్పు అవుతుంది, పావు ఎకరం లాట్‌లో రెండు పెడితే పెరడు మొత్తం వాటిదే.

నా మనసుకి నచ్చింది సెర్బియన్ స్ప్రూస్. సన్నగా నిటారుగా పెరుగుతుంది, సూదుల అడుగున తెల్లటి చారలుంటాయి, గాలికి కొమ్మ తిరిగినప్పుడు చెట్టు వెండి రంగులో మెరుస్తుంది. బ్లూ కావాలని వచ్చినవాళ్లకి నేను చూపించేది ఇదే. సెర్బియా, బోస్నియా సరిహద్దులో ద్రీనా నది లోయ దగ్గర కొద్ది చోట్ల మాత్రమే సహజంగా మిగిలిన చెట్టు, 1870ల దాకా శాస్త్రవేత్తలకే తెలియదు. ఇరుకు పెరళ్లకి బాగా కుదురుతుంది. నర్సరీలో ఎదురుగా పెట్టరు, అడగాలి. చలి మరీ ఎక్కువ ఉండే ఉత్తర మిన్నెసోటా, డకోటాల వాళ్లకి వైట్ స్ప్రూస్‌లో బ్లాక్ హిల్స్ రకం మంచిది, నెమ్మదిగా దట్టంగా పెరుగుతుంది.

ఇంకొకటి, వాకిలికి రెండు వైపులా పెట్టే చిన్న కోన్ ఆకారపు చెట్టు, డ్వార్ఫ్ ఆల్బర్టా స్ప్రూస్. ఏడాదికి 2 నుంచి 4 అంగుళాలే పెరుగుతుంది, కత్తిరించే పని లేదు. దక్షిణం గోడకి ఆనించి పెడితే మాత్రం చలికాలపు ఎండకి ఒక పక్క మాడిపోతుంది, నల్లుల (సూదుల రసం పీల్చే స్పైడర్ మైట్‌ల) బెడద కూడా ఎక్కువ. అప్పుడప్పుడు దాని మధ్యలోంచి ముతక సూదులతో ఒక కొమ్మ జోరుగా లేస్తుంది. అది దాని మూల జాతి అయిన వైట్ స్ప్రూస్ గుణం బయటపడటం. కనబడగానే మొదలుకంటా కోసేయండి, వదిలేస్తే చిన్న చెట్టుని అదే మింగేస్తుంది.

ఎక్కడ, ఎంత దూరం

ట్యాగ్ మీద ఉన్న పూర్తి వెడల్పు చూడండి, దాంట్లో సగానికి ఇంకో 4, 5 అడుగులు కలిపి గోడ నుంచి, కంచె నుంచి, డ్రైవ్‌వే నుంచి అంత దూరం వదలండి. 30 అడుగుల నార్వేకి 20 అడుగులు దూరం. నాలుగడుగుల పిల్ల చెట్టుకి అంత ఖాళీ వదిలితే మొదటి ఏడాది వెర్రిగానే అనిపిస్తుంది, ఇంట్లోవాళ్లు కూడా అంటారు, పట్టించుకోకండి. స్ప్రూస్ కింది కొమ్మ ఒకసారి నీడకో రాపిడికో ఎండిపోతే అక్కడ మళ్లీ చిగురు రాదు. దగ్గర దగ్గరగా పెట్టిన వరసలో ఏడెనిమిదేళ్లకి కొమ్మలు ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయి, లోపల గాలి ఆడదు, తడి ఆరదు, శిలీంధ్రం పడుతుంది. చాటు తొందరగా కావాలంటే ఒకే వరస కాకుండా రెండు వరసల్లో అటొకటి ఇటొకటిగా వేయండి, మధ్యలో నాలుగైదేళ్లు పొదలు ఏవైనా పెట్టుకోండి.

దిక్కు కూడా ముఖ్యమే. చలికాలపు గాలి ఎక్కువగా వాయవ్యం నుంచి వస్తుంది, అటు వైపు స్ప్రూస్ వరస ఉంటే ఇంటికి గాలి దెబ్బ తగ్గుతుంది. వాస్తు చూసుకునేవాళ్లు ఈశాన్యంలో పెద్ద చెట్టు వద్దంటారు, ఈ లెక్కన వాళ్లకీ ఇబ్బంది లేదు. దక్షిణం వైపు ఇంటికి దగ్గరగా మాత్రం పెట్టొద్దు, డిసెంబరు, జనవరిలో కిందుగా వచ్చే ఆ కాస్త ఎండనీ ఆపేస్తుంది. డ్రైవ్‌వేకి దక్షిణాన పెడితే దాని నీడలో ఐస్ కరగదు. గోంగూర, బెండ, టమాటా మడులు వేసుకునేవాళ్లు చెట్టుకి ఉత్తరాన మడి వేయకండి, ఎండ చాలదు.

మంచు పడ్డప్పుడు ఉప్పు చల్లే రోడ్డుకి దూరంగా ఉంచండి. కరెంటు తీగల కింద వద్దు. తవ్వడానికి రెండు మూడు పనిదినాల ముందు 811కి ఫోన్ చేయండి, గ్యాస్, కరెంటు, కేబుల్ లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తు పెట్టి వెళ్తారు. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఉంటే ముందే రాసి అనుమతి తీసుకోండి, చెట్టు పెట్టాక తీసేయమంటే ఆ బాధ వేరు.

నాటడం

ఏప్రిల్ మధ్య నుంచి మే వరకు ఒక అదను, ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు వరకు ఇంకో అదను. అక్టోబరు దాటాక వద్దు, నేల గడ్డకట్టేలోపు వేళ్లు పట్టవు, సూదులు మాత్రం చలికాలమంతా నీళ్లు వదులుతూనే ఉంటాయి. జూన్, జూలైల్లో నెల రోజులు ఇండియా వెళ్లే ఆలోచన ఉంటే వసంతంలో అసలు నాటకండి, వచ్చాక ఆగస్టు చివర్లో నాటండి.

పెద్ద చెట్టు కొంటే తొందరగా చాటు వస్తుందని పదడుగుల చెట్టుకి డబ్బు పెడతారు. పొలంలో పెరిగిన చెట్టుని తవ్వి గోనెపట్టాలో కట్టినప్పుడు దాని వేళ్లలో చాలా భాగం అక్కడే ఉండిపోతుంది. మొదలు ఎంత లావైతే తేరుకోవడానికి అంత కాలం పడుతుంది, అంగుళానికి ఏడాది అని ఒక లెక్క. నాలుగైదడుగుల చెట్టు ముందు తేరుకుని ఎదుగుదల అందుకుంటుంది, మొయ్యడమూ తేలిక. రెండడుగుల వేరుముద్ద వంద కిలోలు దాటుతుంది, నడుము పట్టేస్తుంది జాగ్రత్త.

కొత్త సబ్‌డివిజన్లలో బిల్డర్ పైమట్టి గీకేసి, మెషీన్లు తిప్పి, చివర్లో బంకమట్టి మీద లాన్ పరుస్తాడు. అందుకే ముందు నీళ్లు ఇంకుతున్నాయో లేదో చూడండి. అడుగు లోతు గొయ్యి తీసి నీళ్లు నింపండి, ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి గంటకి అంగుళమైనా దిగితే పరవాలేదు. మర్నాటికీ నిలిచే ఉంటే అక్కడ గొయ్యిలో పెట్టకండి, వేరుముద్దలో మూడో వంతు నేలకి పైన ఉండేలా పెట్టి చుట్టూ మట్టి వెడల్పుగా ఎత్తి దిబ్బలా చేయండి. స్ప్రూస్ వేళ్లు లోతుకి పోవు, పైపైనే విస్తరిస్తాయి, నీళ్లలో మునిగితే కుళ్లిపోతాయి.

గొయ్యి వెడల్పు వేరుముద్దకి రెండు మూడు రెట్లు ఉండాలి, లోతు మాత్రం ముద్ద ఎత్తుకి మించకూడదు. ఇక్కడ దయచేసి ఒక్క నిమిషం ఆగండి. గోనెపట్టా పైభాగం విప్పి, మట్టి చేత్తో తీస్తూ మొదలు దగ్గర పెద్ద వేళ్లు విడిపోయే చోటు ఎక్కడుందో వెతకండి. చాలాసార్లు అది ముద్దలో మూడు నాలుగు అంగుళాల లోపల ఉంటుంది. ఆ చోటు నేల మట్టానికి, బంకమట్టిలో అయితే అంగుళం రెండంగుళాలు పైకి, రావాలి. ముద్ద పైభాగాన్ని నేలకి సమానంగా పెట్టేస్తే చెట్టుని పాతిపెట్టినట్టే, అది వెంటనే చావదు, ఏళ్ల తరబడి నీరసించి చస్తుంది. డబ్బులిచ్చి నాటించుకునేవాళ్లు పక్కన నిలబడి ఇదొక్కటి చూసుకుంటే చాలు.

చెట్టుని గొయ్యిలో నిటారుగా నిలిపాక మొదలు చుట్టూ కట్టిన తాడు పూర్తిగా తీసేయండి, గోనెపట్టా, ఇనుప వల పైనుంచి అందినంత వరకు కోసేయండి. ప్లాస్టిక్ కుండీలో వచ్చిన చెట్టయితే గుండ్రంగా చుట్టుకున్న వేళ్లని నిలువుగా నాలుగు చోట్ల కత్తితో గాటు పెట్టి విడదీయండి. తీసిన మట్టితోనే పూడ్చండి. మంచి మట్టి బస్తాలు కొని గొయ్యి నింపితే వేళ్లు బయటికి పోకుండా ఆ మెత్తని మట్టిలోనే తిరుగుతాయి, పైగా బంకమట్టిలో ఆ గొయ్యి నీళ్ల తొట్టి అవుతుంది. మొదటి ఏడాది ఎరువు వద్దు. కర్రలు పాతి కట్టడం కూడా గాలి బాగా కొట్టే చోట తప్ప అవసరం లేదు, కడితే ఏడాదిలోపు విప్పేయండి.

మీద 3 అంగుళాల మందాన మల్చ్ (నేల మీద పరిచే చెక్క, బెరడు ముక్కలు) వేయండి, వీలైతే కొమ్మల అంచు దాటి. మొదలుకి మాత్రం చుట్టూ జానెడు ఖాళీ వదలండి. షాపింగ్ సెంటర్లలో చెట్ల మొదళ్ల చుట్టూ పుట్టలా పోసిన మల్చ్ చూసి అదే పద్ధతి అనుకోవద్దు, బెరడు తడితో కుళ్లుతుంది.

నీళ్లు

కొత్త స్ప్రూస్ ఎండిపోయిన సంగతి ఆలస్యంగా చెబుతుంది. లోపల ప్రాణం పోయాక కూడా కొన్ని వారాలు పచ్చగానే ఉంటుంది, మనం బాగుందనుకుంటాం. కాబట్టి చెట్టుని చూసి కాదు, మట్టిని చూసి నీళ్లు పోయాలి. మల్చ్ పక్కకి జరిపి వేలు రెండంగుళాలు దించండి, పొడిగా తగిలితే పోయండి. ఐదడుగుల చెట్టుకి వారానికి 10 గ్యాలన్లు, ఎండలు మండుతుంటే రెండుసార్లు. రోజూ కాస్త కాస్త స్ప్రింక్లర్‌తో తడపడం పనికిరాదు, అది పైమట్టినే తడుపుతుంది, సూదుల మీద పడి జబ్బు తెస్తుంది. ఐదు గ్యాలన్ల బకెట్‌కి అడుగున చిన్న రంధ్రాలు రెండు పెట్టి వేరుముద్ద పక్కన పెడితే నెమ్మదిగా ఇంకుతుంది, రెండు బకెట్లయితే లెక్క సరిపోతుంది. ఊరికి వెళ్తుంటే సోకర్ హోస్‌కి (పొడవునా నీళ్లు ఊరే గొట్టానికి) టైమర్ తగిలించండి, పక్కింటివాళ్లని మధ్యలో ఒకసారి చూడమనండి.

శరదృతువులో ఆపేయకండి. నేల గడ్డకట్టే దాకా, అంటే చాలాచోట్ల నవంబరు మధ్య వరకు, వానలు లేకపోతే పోస్తూనే ఉండాలి. మార్చిలో ఒక పక్క సూదులు ఎర్రబడి కనబడితే చాలామంది టెన్షన్ పడి కత్తెర తీస్తారు. ఆగండి. అది చలిగాలి, ఎండల వల్ల తడి ఆరిపోయిన గుర్తు, కొమ్మల చివర మొగ్గలు బతికే ఉంటే మే నెలలో చిగురిస్తాయి. చిగురించని కొమ్మనే అప్పుడు తీయండి. తర్వాతి చలికాలానికి గాలి వైపు నాలుగు కర్రలు పాతి గోనెపట్టా అడ్డం కట్టండి, చెట్టుకి చుట్టొద్దు.

జబ్బులు, పురుగులు

లోపలి పాత సూదులు ఏటా కొన్ని పసుపై రాలడం మామూలే. ఒక్కో సూది కొన్నేళ్లే ఉంటుంది. కొమ్మ చివర పచ్చగా ఉండి, లోపల మాత్రమే రాలుతుంటే బెంగ పడకండి.

కింది కొమ్మల్లో పోయినేడాది వచ్చిన సూదులు ఊదా గోధుమ రంగుకి తిరిగి రాలుతూ, ఈ ఏటి సూదులు మాత్రం పచ్చగా ఉంటే అది రైజోస్ఫేరా నీడిల్ కాస్ట్ అనే శిలీంధ్రం. భూతద్దం పెట్టి ఆ సూది మీద చూస్తే నల్లటి చుక్కలు వరసల్లో కనబడతాయి, ఆరోగ్యంగా ఉన్న సూది మీద అదే చోట తెల్ల చుక్కలుంటాయి. ఇంట్లో మనమే పట్టుకోగలిగిన జబ్బు ఇది. క్లోరోథలోనిల్ ఉన్న మందు, కొత్త సూదులు సగం పొడవు వచ్చినప్పుడు ఒకసారి, మూడు నాలుగు వారాలకి ఇంకోసారి, అలా కనీసం రెండేళ్లు వరసగా కొట్టాలి. ఒక్కసారి కొట్టి ఆపేస్తే డబ్బు దండగ. లేబుల్ చదివి, గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని కొట్టండి, పిల్లల్ని లోపల ఉంచండి. ఇరవై అడుగుల చెట్టుకి మనవల్ల కాదు, లైసెన్సు ఉన్నవాళ్లని పిలవాలి. మందు కన్నా ముందు చెట్టు మీద పడే స్ప్రింక్లర్ తల తిప్పేయండి.

కొమ్మ మొత్తం సూదులతో సహా ఎండిపోయి, దాని మీద తెల్లగా కొవ్వొత్తి కారినట్టు బంక గడ్డకట్టి ఉంటే సైటోస్పోరా క్యాంకర్. దీనికి మందు లేదు. పొడి వాతావరణం చూసి ఆ కొమ్మని మొదలు దగ్గరికి కోసేయండి, కత్తెరని స్పిరిట్‌తో తుడవండి, ఎండాకాలం నీళ్లు సరిగ్గా అందేలా చూడండి. ఎవరైనా వచ్చి ఇది మందు కొడితే పోతుందంటే నమ్మకండి.

సూదులు దుమ్ము పట్టినట్టు కళ తప్పితే కొమ్మ కింద తెల్ల కాగితం పట్టి తట్టండి. కదిలే చుక్కలు కనబడితే నల్లులు. ఇవి వసంతంలో, శరదృతువులో చల్లని రోజుల్లో పెరుగుతాయి. హోస్‌తో గట్టిగా నీళ్లు కొడితే చాలావరకు పోతాయి, సూదులు సాయంత్రంలోపు ఆరేలా పొద్దున్నే కొట్టండి. నల్లులకి వాడే నూనె మందు హార్టికల్చరల్ ఆయిల్‌ని బ్లూ స్ప్రూస్ మీద కొడితే ఆ నీలం మైనం పూత కరిగి చెట్టు పచ్చగా మారుతుంది, కొన్నవాడు లబోదిబోమంటాడు. కొమ్మల చివర ఎండు సూదులతో అల్లిన చిన్న సంచులు వేలాడుతుంటే అవి బ్యాగ్‌వర్మ్‌లు, ఒక్కో సంచిలో వందల గుడ్లుంటాయి. మే నెలలోపు చేత్తో ఏరి సబ్బునీళ్లలో వేయండి. చెట్టు కొన చిగురు గొడుగు పిడిలా వంగి వాడిపోతే వైట్ పైన్ వీవిల్ అనే పురుగు. ఎండిన మేరకి కిందికి కోసి నాశనం చేసి, దాని కింది వరసలో బాగున్న కొమ్మ ఒకదాన్ని పుల్లకి కట్టి నిటారుగా నిలబెట్టండి, రెండేళ్లలో అదే కొత్త కొన అవుతుంది.

లాన్ మందుల సంగతి చాలామంది ఆలోచించరు. 2011లో ఇంప్రెలిస్ అనే కలుపుమందు లాన్ల మీద కొట్టాక పక్కనున్న నార్వే స్ప్రూస్‌లు, వైట్ పైన్‌లు పెద్ద సంఖ్యలో దెబ్బతిన్నాయి, ఆ ఏడాదే దాని అమ్మకం ఆపించారు. ఇప్పుడు దొరికే వాటిలో డైకాంబా ఉన్నవి వేళ్ల గుండా చెట్టుకి ఎక్కగలవు. కొమ్మల నీడ పడే మేర, ఇంకాస్త బయటికి కూడా, అలాంటి మందు చల్లొద్దని లాన్ కుర్రాళ్లకి ముందే చెప్పండి.

కత్తిరించడం గురించి రెండే మాటలు. పైభాగం ఎప్పుడూ నరకొద్దు, రెండు కొనలు లేస్తే చిన్నప్పుడే ఒకటి తీసేయండి. దట్టంగా కావాలంటే జూన్‌లో కొత్త చిగురు లేతగా ఉన్నప్పుడు దాంట్లో సగం వరకు తుంచండి, సూదులు లేని పాత కొమ్మలోకి కోస్తే అక్కడ మొండిగా మిగిలిపోతుంది.

క్రిస్మస్‌కి వేళ్లతో ఉన్న స్ప్రూస్ తెచ్చి తర్వాత పెరట్లో నాటాలనుకునేవాళ్లు గొయ్యి నవంబరులోనే తవ్వి, తీసిన మట్టి గడ్డకట్టకుండా గరాజ్‌లో పెట్టుకోండి. చెట్టుని ముందు కొన్నాళ్లు చల్లటి గరాజ్‌లో ఉంచి, వెచ్చటి హాల్లో వారం పది రోజులకి మించకుండా పెట్టి, మళ్లీ గరాజ్‌లో కొన్నాళ్లు ఉంచాక నాటాలి. ఎక్కువ రోజులు వెచ్చగా ఉంటే మొగ్గలు కదులుతాయి, బయట చలికి చచ్చిపోతాయి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అమ్మావాళ్ల ఇంటి ముందు ఒకటి పెట్టొచ్చా అని అడుగుతుంటారు. పెట్టొద్దు, స్ప్రూస్‌కి నెలల తరబడి గట్టి చలి కావాలి. లంబసింగిలో కొన్ని రాత్రులు సున్నా దగ్గరికి దిగినా అది చాలదు. మన దేశంలో స్ప్రూస్ ఉంది, హిమాచల్, కశ్మీర్ కొండల్లో రెండు వేల మీటర్లు దాటాక అడవులుగా పెరిగే రకం, మనాలీ వెళ్లినప్పుడు చూడండి. మన ఊళ్లలో నర్సరీవాళ్లు క్రిస్మస్ ట్రీ అని అమ్మేది అరౌకేరియా. వేడికి తట్టుకుంటుంది, అంతస్తులుగా కొమ్మలు వేస్తుంది, అమ్మావాళ్లకి అదే కొనివ్వండి, కాకపోతే అది కూడా చాలా ఎత్తుకి పోతుంది కాబట్టి గోడ పక్కన కాకుండా ఖాళీ మూల చూసి పెట్టించండి.